వర్క్‌షాపు వాక్యూమ్‌లలో ఆటోస్టార్ట్

రంపం మిషనో సాండరో మీట నొక్కగానే దానికి గొట్టంతో తగిలించిన వాక్యూమ్ క్లీనర్ తనంతట తాను మొదలై, మీట వదిలిన కొద్ది సెకన్లకు తనే ఆగిపోయే ఏర్పాటును ఆటోస్టార్ట్ అంటారు. ఇళ్లు ఊడ్చుకునే మామూలు వాక్యూమ్‌లకు ఇది ఉండదు. తడీ పొడీ రెండూ లాగే పీపా ఆకారపు వర్క్‌షాపు యంత్రాల్లో కాస్త ధర పలికేవాటికి ఉంటుంది. యంత్రం ఒంటి మీదే ఒక సాకెట్ ఉంటుంది. పనిముట్టు ప్లగ్గును గోడకు కాక ఆ సాకెట్‌కు పెడతారు. స్విచ్చును ఆటోలో ఉంచితే, సాకెట్ గుండా కరెంటు పారడం మొదలవగానే లోపలి సర్క్యూటు దాన్ని పసిగట్టి వాక్యూమ్ మోటారును నడుపుతుంది.

చూడ్డానికి బద్ధకస్తుల సౌకర్యంలా కనిపిస్తుంది గానీ దీని అసలు లాభం ఊపిరితిత్తులకే. కలప నుసి పుట్టేది పనిముట్టు తిరిగే ఆ కాసేపే. చిన్న ముక్క కోయడానికి నాలుగైదు సెకన్లు చాలు. అలాంటి కోతలు రోజుకు వందల్లో ఉంటాయి. కోత కోతకూ వంగి స్విచ్చు వేసి, మళ్లీ వంగి తీసే ఓపిక ఏ మేస్త్రికీ ఉండదు. పోనీ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వేసి ఉంచుదామంటే ఆ హోరుకు పక్కవాడి మాట వినిపించదు, మోటారు కార్బన్ బ్రష్షులు ఊరికే అరిగిపోతాయి. అందుకే చేత్తో వేసుకునే వాక్యూమ్ మొదటి వారం ఉత్సాహం తగ్గాక ఓ మూల చేరుతుంది. వెయ్యాలా వద్దా అన్న నిర్ణయాన్ని మనిషి చేతిలోంచి తీసి కరెంటుకు అప్పగించడంలోనే ఆటోస్టార్ట్ విలువ ఉంది.

డెల్టాలో కలప పని

ఈ ఏర్పాటు అవసరం ఎంతో గోదావరి డెల్టా వడ్రంగుల పనిలో చూడవచ్చు. అక్కడ కలప పనికి పాత చరిత్ర ఉంది. ఎగువ ఏజెన్సీ అడవుల టేకూ వెదురూ తెప్పలుగా కట్టి నది మీదుగా రాజమహేంద్రవరం దింపేవారు. 1847 నుంచి 1852 దాకా సాగిన ఇంజనీరు కాటన్ గోదావరి ఆనకట్ట పనుల కోసం ధవళేశ్వరంలో వర్క్‌షాపు వెలిసింది. సముద్రం వైపు కోరంగి ఓడలు కట్టే రేవుగా పేరుమోసింది. 1839 నవంబరు తుపాను ఆ రేవును తుడిచిపెట్టింది. అయినా ఆ చుట్టుపక్కల తాళ్లరేవు ప్రాంతంలో చెక్క పడవలు కట్టే విద్య నిలిచింది. బర్మా రేవులతో ఈ తీరానికి ఉన్న రాకపోకల వల్ల పాత ఇళ్ల ద్వారబంధాలకు, దూలాలకు బర్మా టేకు అన్నది ఇప్పటికీ ఓ గౌరవపు మాట. ఇటీవలి సంగతి చెప్పుకోవాలంటే 2020 సెప్టెంబరులో అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి రథం కాలిపోగా, 2021 ఫిబ్రవరి కల్యాణోత్సవాల నాటికి కొత్త టేకు రథం సిద్ధమైంది. కొన్ని నెలల్లో అంత పెద్ద రథం తయారైందంటే కరెంటు రంపాలు, కరెంటు చిత్రికలు ఈ పనిలో ఎంతగా కలిసిపోయాయో తెలుస్తుంది.

అయితే ఇవాళ భీమవరంలోనో అమలాపురంలోనో వడ్రంగి రోజువారీ చేసేది రథాలూ కాదు, ద్వారబంధాలూ కాదు. కప్‌బోర్డులు, వంటింటి అరలు, టీవీ వెనక పలకలు. సరుకు ప్లైవుడ్, ఎండీఎఫ్, పైన అతికే సన్‌మైకా. పని జరిగేది వర్క్‌షాపులో కూడా కాదు, కట్టించుకునే వారి ఇంట్లోనే. వసారాలో రెండు బల్లలు వేసి, వాటి మీద ఎనిమిదడుగుల ప్లైవుడ్ షీటు పరిచి, ఒకరు చివర పట్టుకుంటే ఇంకొకరు నాలుగంగుళాల మార్బుల్ కట్టర్‌కు కలప బ్లేడు బిగించి గీత వెంట నడిపిస్తారు. పేరుకు రాయి కోసే మిషనే అయినా ధర తక్కువ, చేతిలో తేలిక కాబట్టి కలపకూ అదే. బ్లేడు వెనక నుంచి నుసి జల్లుగా లేచి కోసేవాడి ముంజేతుల మీద, కనురెప్పల మీద పడుతుంది. జేబురుమాలు ముక్కుకు కట్టుకుంటే అదే రక్షణ. మార్బుల్ కట్టర్‌కు గొట్టం తగిలించే చోటు సాధారణంగా ఉండదు. అందువల్ల ఆటోస్టార్ట్ వాక్యూమ్ కొనేవారు దానితోపాటు గొట్టపు మూతి ఉన్న సర్క్యులర్ సా, సాండర్ కూడా కొనుక్కోక తప్పదు. ఖర్చు లెక్కలో చాలామంది మర్చిపోయేది ఇదే.

పొట్టుకు ధర, నుసికి దిక్కులేదు

ఈ ప్రాంతంలో రంపపు పొట్టు ఎన్నడూ వృథా కాలేదు. కోతమిల్లుల దగ్గర బస్తాల్లోకి ఎత్తి అమ్మేవారు. పొట్టు పొయ్యిలో మధ్యన కర్ర నిలబెట్టి చుట్టూ పొట్టు దట్టించి, కర్ర లాగేసి అంటిస్తే గంటల తరబడి మండేది. ఐసు దిమ్మలు కరగకుండా పొట్టు కప్పేవారు. అమ్ముడుపోయే సరుకు కాబట్టి ముతక పొట్టును ఎప్పుడూ ఎవరో ఒకరు జాగ్రత్తగా పోగుచేశారు. గాలిలో తేలే నుసిని మాత్రం ఎవరూ పట్టలేదు. కొనేవాడు లేడుగా!

ఆరోగ్యానికి హాని చేసేది ఆ నుసే. సాండర్ కింద పుట్టే రేణువుల్లో చాలావాటి వ్యాసం 10 మైక్రాన్ల లోపు. అవి ముక్కు వెంట్రుకలకు చిక్కవు, నేల మీద పడడానికి చాలాసేపు పడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో కలప నుసిని మనుషుల్లో క్యాన్సర్ కలిగించేదిగా మొదటి వర్గంలో చేర్చింది. ముఖ్యంగా ముక్కు లోపలి కుహరాలకు వచ్చే క్యాన్సర్‌తో దీనికి సంబంధం ఉంది. ఎండీఎఫ్, ప్లైవుడ్ జిగురుల్లో వాడే ఫార్మాల్డిహైడ్‌ను 2004లో అదే వర్గానికి మార్చింది. టేకు నుసి కొందరి చర్మానికి పడదు. దురద, దద్దుర్లు వస్తాయి. టైల్సు, గ్రానైటు, గోడలో వైరింగు గాడులు పొడిగా కోసేటప్పుడు లేచే సిలికా ధూళి 1997 నుంచి ఆ మొదటి వర్గంలోనే ఉంది.

చట్టం ఈ విషయం ఏనాడో చెప్పింది. 1948 ఫ్యాక్టరీల చట్టం 14వ సెక్షన్ ప్రకారం ధూళిని లాగే ఏర్పాటును అది పుట్టే చోటికి వీలైనంత దగ్గరగా పెట్టి లాగేయాలి, గదిలో పేరుకోనివ్వకూడదు. కానీ ఆ చట్టం వర్తించేది కరెంటు వాడుతూ కనీసం 10 మంది పనిచేసే చోట్లకు. 2020లో చేసిన కార్మిక భద్రతా కోడ్ ఆ హద్దును 20కి పెంచింది. వసారాలో పనిచేసే ముగ్గురు ఈ లెక్కల్లో ఎప్పుడూ లేరు. వాళ్లకు ఇనస్పెక్టరు రాడు, వచ్చేదల్లా తుమ్ములే.

కరెంటును కనిపెట్టే తీరు

గాలితో దుమ్ము లాగే యంత్రానికి లండన్‌లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ 1901లో ఆద్యుడు. చేత్తో తోసుకుపోయే రకానికి అమెరికాలో జేమ్స్ ముర్రే స్పాంగ్లర్ 1908లో పేటెంటు పొందాడు. ఆ యంత్రం పక్కవాడి కరెంటును చూసి మేలుకోవడం నేర్వడానికి చవకైన ఎలక్ట్రానిక్ విడిభాగాలు రావలసి వచ్చింది. కరెంటు పారుతోందని తెలుసుకునే దారులు నాలుగైదు ఉన్నాయి. వాటిలో ప్రతిదానికీ ఓ సుగుణం, ఓ తలనొప్పి.

అన్నిటికన్నా సూటిదారి, కరెంటు పారే తీగలో ఓ చిన్న నిరోధకం పెట్టడం. 0.01 ఓము నిరోధకంలోంచి 5 ఆంపియర్లు పారితే దాని కొసల మధ్య 50 మిల్లీవోల్టులు కనిపిస్తాయి. వేడి పావు వాటే పుడుతుంది. చవక, చిన్నది. చిక్కేమిటంటే కొలిచే సర్క్యూటు మొత్తం మెయిన్స్ ఫేజుకు అతుక్కునే ఉంటుంది. ఫ్యాక్టరీలో సీలు చేసిన పెట్టెలో ఇది సబబే. బల్ల మీద విప్పి పెట్టుకుని సోల్డరింగు చేసేవాడికి ప్రమాదం.

రెండోది కరెంటు ట్రాన్స్‌ఫార్మర్. ఉంగరంలాంటి కోరు చుట్టూ సన్నటి తీగ వెయ్యి చుట్లు చుట్టి, ఆ ఉంగరం మధ్యలోంచి పనిముట్టుకు వెళ్లే తీగను దూరుస్తారు. దూరిన తీగ ఒక్క చుట్టు కింద లెక్క. దాంట్లో 5 ఆంపియర్లు పారితే సన్న తీగలో వెయ్యోవంతు, అంటే 5 మిల్లీఆంపియర్లు పారతాయి. దాన్ని 100 ఓముల నిరోధకం మీదికి వదిలితే అర వోల్టు వస్తుంది. మైక్రోకంట్రోలర్‌కు ఆపాటి చాలు. పనిముట్టు తీగకూ కొలిచే సర్క్యూటుకూ మధ్య ఏ తాకిడీ లేదు కాబట్టి ఇది నిశ్చింత. ఒకటే నియమం, ఆ 100 ఓముల నిరోధకాన్ని తీసేసి సన్న తీగ కొసలను ఊరికే వదిలేయకూడదు. వదిలితే వాటి మధ్య వోల్టేజీ ప్రమాదకరంగా పెరుగుతుంది.

ఇక్కడే కొత్తగా చేసేవారంతా పడే గుంట ఒకటుంది. పనిముట్టు వైరును వైరులాగే, ఫేజూ న్యూట్రలూ కలిపి, ఉంగరంలోంచి దూరుస్తారు. ఏమీ రాదు. ఫేజులో వెళ్లే కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చే కరెంటు ఒకదాన్నొకటి కొట్టేసుకుని కోరులో అయస్కాంత క్షేత్రం సున్నా అవుతుంది. క్లాంప్ మీటరు చేతిలో ఉన్నవారెవరైనా క్షణంలో చూసుకోవచ్చు. తిరుగుతున్న గ్రైండర్ వైరు మొత్తానికి క్లాంపు వేస్తే సున్నా. వైరు తోలు జాగ్రత్తగా విడదీసి ఒక్క తీగకే వేస్తే మూడున్నరో నాలుగో ఆంపియర్లు. ఈ సున్నానే ఆధారం చేసుకుని ఇళ్లలో ఆర్‌సీసీబీ పనిచేస్తుంది. రెండు తీగలూ దూరిన కోరులో సున్నా రాలేదంటే కొంత కరెంటు వేరే దారిలో, బహుశా ఎవరి ఒంట్లోంచో, భూమిలోకి పోతోందన్నమాట, వెంటనే తెగ్గొడుతుంది. ఆటోస్టార్ట్‌కు కావలసింది ఒక తీగ, ఆర్‌సీసీబీకి కావలసింది రెండు.

మూడోది హాల్ సెన్సర్. కరెంటు పారే పలకకు లంబంగా అయస్కాంత క్షేత్రం ఉంటే అడ్డంగా వోల్టేజీ పుడుతుందని ఎడ్విన్ హాల్ 1879లో కనిపెట్టాడు. ఇవాళ ఇంజనీరింగు విద్యార్థుల ప్రాజెక్టుల్లో తరచూ కనిపించే ఏసీఎస్712 చిప్పు ఆ సూత్రం మీదే నడుస్తుంది. 5 ఆంపియర్ల రకంలో ఆంపియరుకు 185 మిల్లీవోల్టులు వస్తాయి. కరెంటు లేనప్పుడు 2.5 వోల్టుల దగ్గర నిలబడి ఉంటుంది. 800 వాట్ల గ్రైండర్ తీసుకునే మూడున్నర ఆంపియర్లకు దానికి అటూ ఇటూ సుమారు 0.9 వోల్టు ఊగుతుంది. 1400 వాట్ల రంపం 6 ఆంపియర్లు లాగుతుంది కాబట్టి 20 లేదా 30 ఆంపియర్ల రకం తీసుకోవాలి. ఈ చిప్పు లోపల కొలిచేవైపూ కొలవబడేవైపూ విడిగానే ఉంటాయి గానీ, బజారులో దొరికే చిన్న పలక మీద 230 వోల్టుల దారులు బోడిగా బయటే ఉంటాయి. పెట్టెలో పెట్టి మూత బిగించకుండా ప్లగ్గు పెట్టడం తెలివి కాదు.

పాతకాలపు దారి రీడ్ రిలే. గాజు గొట్టంలో రెండు సన్నని ఇనుప రేకులు, చుట్టూ పనిముట్టు తీగ ఎనిమిదో పదో చుట్లు. కరెంటు పారితే రేకులు అతుక్కుంటాయి. మన కరెంటు 50 హెర్ట్జులు కాబట్టి సెకనుకు వందసార్లు అతుక్కుని వదిలేస్తాయి, ఆ టకటకను ఓ కెపాసిటర్‌తో సర్దాలి. ప్రోగ్రాము రాయనక్కర్లేకుండా పాత రేడియో మెకానిక్ చేయగల సర్క్యూటు ఇది. ఎంత కరెంటుకు మేలుకోవాలో మార్చడానికి ఒక చుట్టు ఎక్కువో తక్కువో వేస్తే సరి.

ఎక్కడ గీత గీయాలి

కరెంటు పారుతోందని తెలియడం ఒక ఎత్తు, ఎంత పారితే పనిముట్టు నడుస్తున్నట్టు అన్నది ఇంకో ఎత్తు. మీట వదిలేసినా కొన్ని పనిముట్లు కొద్దిగా కరెంటు తీసుకుంటూనే ఉంటాయి. రేడియో గోల తగ్గించే కెపాసిటర్ 0.22 మైక్రోఫారడ్‌ది ఉంటే దానిలోంచి 16 మిల్లీఆంపియర్లు పారతాయి. కోత గీత చూపే లేజరుకూ దీపానికీ కొంత పోతుంది. వీటికి మేలుకోకూడదు. మరో కొస, చిన్న సాండర్‌ను వేగం బాగా తగ్గించి నడిపితే అది లాగే కరెంటు అర ఆంపియరు దాటకపోవచ్చు. దానికి తప్పక మేలుకోవాలి. గీత ఈ రెండింటి మధ్య పడాలి. పైగా మొదలయ్యే గీత, ఆగే గీత వేర్వేరుగా ఉండాలి. ఒకటే అయితే సాండర్ చెక్కను తాకినప్పుడల్లా, లేచినప్పుడల్లా వాక్యూమ్ ఎక్కిళ్లు పెట్టినట్టు ఆగి మొదలవుతుంది. మొదలవడానికి 0.4, ఆగడానికి 0.25 ఆంపియరు అనుకుంటే ఆ చిక్కు తీరుతుంది.

వేగం తగ్గించే రెగ్యులేటరు ఉన్న పనిముట్ల కరెంటు అలలా నునుపుగా ఉండదు. ప్రతి అలలో కొంత భాగం కోసేసి మిగతాదే పారుతుంది. శిఖరాన్ని మాత్రమే కొలిచే సర్క్యూటు దీన్ని తప్పుగా అంచనా వేస్తుంది. 20 మిల్లీసెకన్ల అల మొత్తాన్ని నమూనాలుగా తీసి వాటి వర్గాల సగటుకు వర్గమూలం కట్టే మైక్రోకంట్రోలర్ ఇక్కడ మేలు.

ఇంకో పొరపాటు చాలా మామూలుగా జరుగుతుంది. సాకెట్ ఖాళీగా ఉంది కదా అని సెల్ ఫోను ఛార్జరో బ్యాటరీ ఛార్జరో పెడతారు. డ్రిల్ బ్యాటరీ ఛార్జరు అర ఆంపియరు దాకా లాగితే, బ్యాటరీ నిండేదాకా వాక్యూమ్ హోరుమంటూనే ఉంటుంది. యంత్రం చెడిపోయిందని షాపుకు మోసుకెళ్లేముందు సాకెట్‌కు ఏముందో చూడాలి.

ఆలస్యంగా మొదలై ఆలస్యంగా ఆగడం

పనిముట్టు మొదలైన వెంటనే వాక్యూమ్ మొదలవదు. అర సెకను, కొన్నిట్లో ఇంకా ఎక్కువ ఆగుతుంది. ఇది మందకొడితనం కాదు. ఆగి ఉన్న మోటారు తిరుగుతున్న మోటారు కాదు. తిరిగేటప్పుడు దాని చుట్లలో ఎదురు వోల్టేజీ పుట్టి కరెంటును అదుపులో ఉంచుతుంది. మొదలయ్యే క్షణంలో ఆ ఎదురు లేదు కాబట్టి మామూలు కంటే ఎన్నో రెట్లు లాగుతుంది. రెండు మోటార్లూ ఒకే క్షణాన ఆ గుక్క వేస్తే ఎంసీబీ పడిపోతుంది. ఒకటి కుదుటపడ్డాక రెండోది లేస్తే ఇల్లు చీకటి కాదు.

ఆగేటప్పుడు ఆలస్యం ఐదు నుంచి పదిహేను సెకన్లు. గొట్టంలో మిగిలిన పొట్టు లోపలికి పోవడానికని కంపెనీల పుస్తకాల్లో ఉంటుంది. లెక్క కడితే ఆ మాట సగమే నిజం. 36 మిల్లీమీటర్ల గొట్టంలో నిమిషానికి 1800 లీటర్ల గాలి లాగితే వేగం సెకనుకు దాదాపు 30 మీటర్లు. మూడున్నర మీటర్ల గొట్టం దాటడానికి రేణువుకు సెకనులో ఎనిమిదో వంతు చాలు. అసలు కారణం బ్లేడు. మీట వదిలాక కరెంటు ఆగుతుంది గానీ బ్లేడు చాలాసేపు తిరుగుతూనే ఉంటుంది, దాంతోపాటు కవచం లోపల సుడులు తిరిగే నుసి కూడా. కరెంటు సాక్ష్యం చెప్పడం ఆపేశాక కూడా దుమ్ము పుడుతుందని తెలిసినవాళ్లు పెట్టిన గడువు అది.

వాక్యూమ్ మోటారును ఆన్ చేసే పని ట్రయాక్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్చుదైతే చప్పుడు లేదు, అరిగేదీ లేదు. కానీ దానిలో ఒక వోల్టుకు పైగా పోతుంది కాబట్టి 5 ఆంపియర్లకు ఐదారు వాట్ల వేడి పుడుతుంది, అల్యూమినియం రెక్క తగిలించాలి. రిలే చల్లగా ఉంటుంది గానీ మొదలయ్యే గుక్కకు దాని కాంటాక్టు ముక్కులు కరిగి అతుక్కుపోయే ప్రమాదం ఉంది. అప్పుడు వాక్యూమ్ ఇక ఆగదు. చవక యంత్రాల్లో వచ్చే ఫిర్యాదు చాలాసార్లు ఇదే.

ఎంత లోడు

గోదావరి డెల్టాకు విశాఖ కేంద్రంగా ఉన్న విద్యుత్ పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్ ఇచ్చే కరెంటు సింగిల్ ఫేజు 230 వోల్టులు, 50 హెర్ట్జులు. 1200 వాట్ల వాక్యూమ్ 5.2 ఆంపియర్లు, 1400 వాట్ల రంపం 6.1 ఆంపియర్లు. రెండూ కలిపి 11 దాటుతుంది. గదుల్లోని చిన్న సాకెట్ 6 ఆంపియర్లది, దానికి ఇది మోయలేని బరువు. ఫ్రిజ్‌కో గీజరుకో పెట్టిన 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గు వెతుక్కోవాలి. అది వసారాలో ఉండదు కాబట్టి ఎక్స్‌టెన్షన్ బోర్డు వస్తుంది, ప్రమాదమూ అక్కడే వస్తుంది. ముప్పావు చదరపు మిల్లీమీటరు వైరు 20 మీటర్లు లాగితే రానూపోనూ నిరోధం సుమారు ఒక ఓము. 12 ఆంపియర్లకు 12 వోల్టులు దారిలోనే పోతాయి, దాదాపు 150 వాట్ల వేడి వైరులో పుడుతుంది. ఆ వైరు చుట్ట విప్పకుండా బల్ల కింద పడేస్తే వేడి బయటికి పోక, మొదట మెత్తబడుతుంది, తర్వాత వాసన వస్తుంది. రెండున్నర చదరపు మిల్లీమీటర్ల వైరు కొనడం వాక్యూమ్ కొన్నంత ముఖ్యం.

వాక్యూమ్ ఒంటి మీది సాకెట్ ఎన్ని వాట్ల దాకా మోస్తుందో దాని పక్కనే రాసి ఉంటుంది. పెద్ద గ్రైండర్ 2000 వాట్లు దాటితే ఆ హద్దు చూసుకోవాలి. యూరప్ నుంచి వచ్చే యంత్రాల సాకెట్ పిన్నులు, మన ఐఎస్ 1293 పిన్నులు ఒకటి కావు. బజారులో దొరికే చవక అడాప్టర్లలో చాలావాటికి ఎర్తు లోపలికి కలవదు. రెండు పొరల ఇన్సులేషన్ ఉన్న పనిముట్లకు ఇబ్బంది లేకపోయినా, ఇనుప ఒళ్లున్న పాత చిత్రిక మిషన్లకు అది ప్రాణాంతకం.

అమెరికాలో లెక్క వేరు. అక్కడ 120 వోల్టులు కాబట్టి అదే పనికి రెట్టింపు కరెంటు. 15 ఆంపియర్ల సర్క్యూటు మీద ఓ పెద్ద రంపం, ఓ వాక్యూమ్ కలిసి నడవవు. అందుకే అక్కడ విడిగా అమ్మే ఆటోస్టార్ట్ పెట్టెల్లో కొన్నిటికి రెండు ప్లగ్గులుంటాయి, ఒక్కోటి ఒక్కో సర్క్యూటుకు. కారు షెడ్డులో వడ్రంగి సరదా పట్టిన ప్రవాసాంధ్రులు ఇండియాకు తిరిగొస్తూ అక్కడి వాక్యూమ్‌ను వెంట తెచ్చుకుంటే తిన్నగా మన ప్లగ్గుకు పెట్టకూడదు. 60 హెర్ట్జుల నుంచి 50కి మారడం బ్రష్షుల మోటారు పట్టించుకోదు గానీ, 230 వోల్టులకు అది నిలవదు.

బ్యాటరీ, గాలి పనిముట్లు

బ్యాటరీ రంపానికి వైరే లేదు, సాకెట్ గుండా పారే కరెంటూ లేదు. అందుకని కొన్ని కంపెనీలు బ్యాటరీలోనే బ్లూటూత్ పెట్టాయి. బ్యాటరీ నుంచి కరెంటు పోవడం మొదలవగానే అది వాక్యూమ్‌కు కబురు పంపుతుంది. ఇంకొన్ని గొట్టం మూతి దగ్గర నొక్కే మీట పెట్టాయి. కంప్రెసర్ గాలితో నడిచే సాండర్లకు, కారు పెయింటు షెడ్డుల్లో ఎక్కువగా కనిపించేవాటికి, గాలి ప్రవాహాన్ని పసిగట్టే స్విచ్చు ఉంటుంది.

వడకట్టడం, తేమ, నిప్పురవ్వలు

వాక్యూమ్ సమయానికి మొదలవడం ఒక్కటే చాలదు, లాగినదాన్ని వెనక నుంచి గదిలోకి వదిలేయకూడదు. అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60335-2-69 ప్రకారం యంత్రాలు మూడు తరగతులు. ఎల్ తరగతి వంద భాగాల్లో ఒకటి దాకా వదలవచ్చు, ఎమ్ వెయ్యిలో ఒకటి, హెచ్ లక్షలో ఐదు. కలప నుసికి ఎమ్ తరగతి తగినది. దీనికి ఇంకో షరతు, గొట్టంలో గాలి వేగం సెకనుకు 20 మీటర్ల కంటే తగ్గితే యంత్రం అరిచి చెప్పాలి. 36 మిల్లీమీటర్ల గొట్టానికి అది నిమిషానికి సుమారు 1220 లీటర్లు, 27 మిల్లీమీటర్లకు 690.

ఆ అలారం డెల్టాలో తరచూ మోగుతుంది. శ్రావణ భాద్రపదాల తేమకు నుసి ముద్దలా మారి ఫిల్టరు కాగితానికి అట్టకడుతుంది. ఉతికే వీలున్న సింథటిక్ ఫిల్టర్లు ఇక్కడ కాగితపు ఫిల్టర్ల కంటే మన్నుతాయి. తేమకు ఓ మంచి గుణమూ ఉంది. పొడి గాలిలో గొట్టం లోపల రుద్దుకునే నుసి వల్ల పుట్టే స్టాటిక్ షాకులు ఇక్కడ తక్కువ. అయినా సంక్రాంతి తర్వాత పొడి రోజుల్లో చేతికి చురుక్కుమంటుంది. విద్యుత్తును భూమిలోకి దించే నల్ల గొట్టాలు అందుకే.

ఆటోస్టార్ట్‌కు తెలివి లేదన్న సంగతి ఒక్క చోట గుర్తుపెట్టుకోవాలి. అది కరెంటును చూస్తుందే గానీ ఏం కోస్తున్నారో చూడదు. కలప పొట్టు నిండిన పీపాకు ఇనుము కోసే గ్రైండర్ తగిలిస్తే నిప్పురవ్వలను కూడా అంతే విధేయంగా లాగుతుంది. పొట్టులో పడిన రవ్వ వెంటనే మండదు. అందరూ వెళ్లిపోయాక మెల్లగా రాజుకుంటుంది. స్పిరిట్ పాలిష్ వేస్తున్న గదిలో కూడా దీన్ని నడపకూడదు. రిలే ముక్కుల దగ్గరా, మోటారు బ్రష్షుల దగ్గరా రవ్వలు పుడుతూనే ఉంటాయి.

పెద్ద యూనిట్లలో

పది మిషన్లున్న ఫర్నిచర్ యూనిట్‌కు పీపా వాక్యూమ్‌లు సరిపోవు. గోడ వెంట పెద్ద పైపు, చివర ఐదు హార్స్‌పవర్ల బ్లోయరు, ప్రతి మిషన్ దగ్గరా పైపు మూసే గేటు ఉంటాయి. సూత్రం మాత్రం అదే. ఒక్కో మిషన్‌కు వెళ్లే మూడు ఫేజుల్లో ఒకదాని మీద కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, వాటిలో ఏ ఒక్కటి మేలుకున్నా బ్లోయరు కాంటాక్టరు ఆన్ అయ్యేలా కలుపుతారు. ఇక్కడ మోటార్లు బ్రష్షులవి కావు, ఇండక్షన్ రకం. టేబుల్ సా ఊరికే తిరుగుతున్నప్పుడు కూడా పూర్తి లోడులో లాగేదానిలో చెప్పుకోదగ్గ భాగం లాగుతుంది, కాబట్టి గీత గీయడం తేలిక. చిక్కు బ్లోయరు వైపు ఉంది. 415 వోల్టుల మీద దాదాపు 7 ఆంపియర్లతో నడిచే ఆ మోటారు మొదలయ్యేటప్పుడు ఐదారు రెట్లు లాగుతుంది. గంటలో పదేపదే ఆపి మొదలుపెడితే చుట్లు వేడెక్కి కాలిపోతాయి. అందువల్ల అక్కడ ఆగే గడువును సెకన్లలో కాక నిమిషాల్లో పెడతారు. ఆఖరి మిషన్ ఆగాక కూడా బ్లోయరు అలా కొంతసేపు తిరుగుతూనే ఉంటుంది. ఈలోగా ఎవరైనా మరో కోత మొదలుపెడితే గడువు మళ్లీ మొదటి నుంచి లెక్కకు వస్తుంది.